ప్యాకింగ్ లైన్‌లో కృత్రిమ మేధ: ఒక్క నష్టంతో మొదలుపెట్టి నిలబెట్టుకునే పద్ధతి

ప్యాకేజింగ్ యంత్రాలకు కృత్రిమ మేధను చేర్చాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగేది ఏ కెమెరా కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. యంత్రం దగ్గర ఇవాళ మనిషి తీసుకుంటున్న ఏ నిర్ణయాన్ని మోడల్‌కు, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకుని తీర్పు చెప్పే సాఫ్ట్‌వేర్‌కు, అప్పగిస్తున్నారు? మోడల్ ‘ఇది చెడ్డది’ అన్న క్షణాన ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారు? దీనికి కాగితం మీద ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే కొనుగోలు వాయిదా వేయండి. మోడల్ తయారీ ఈ పనిలో చిన్న భాగం. దాని ముందూ వెనకా ఉన్న పనే పెద్దది. ఈ మార్గదర్శి ఎక్కువగా ఆ పని గురించే.

వివరణకు వీలుగా ఒక యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం: నిలువు పౌచ్ ప్యాకింగ్ యంత్రం. రోల్ నుంచి వచ్చే ఫిల్మ్ ఫార్మింగ్ ట్యూబ్ చుట్టూ గొట్టంలా మలుచుకుంటుంది, వెనక నిలువు సీల్ పడుతుంది. పైన వేయర్ (తూకం యంత్రం) తూచిన సరుకు ట్యూబ్‌లోంచి జారి పడుతుంది. అడ్డ సీలింగ్ బార్లు మూసుకుని కింది పౌచ్ మూతినీ పై పౌచ్ అడుగునూ ఒకేసారి అతికిస్తాయి. మధ్యలో కత్తి వాటిని వేరు చేస్తుంది. వేగం నిమిషానికి 60 పౌచ్‌లు అనుకుందాం. లేబులింగ్, కార్టనింగ్, క్యాపింగ్ యంత్రాలకూ ఇవే మెట్లు వర్తిస్తాయి, కొలతలు మాత్రం మారతాయి.

మొదటి మెట్టు: ఒక్క నష్టాన్ని ఎంచుకోండి

లైన్ ఎక్కడ నష్టపోతోందో చెప్పే లెక్క పాతదే. యంత్రం నడిచిన సమయం, నడిచిన వేగం, వచ్చిన మంచి సరుకు, ఈ మూడు నిష్పత్తులను గుణిస్తే యంత్ర సామర్థ్య సూచిక వస్తుంది. పరిశ్రమలో దీన్ని ఓఈఈ అంటారు.

షిఫ్టులో 450 నిమిషాలు నడపాలనుకున్నారు, 63 నిమిషాలు ఆగింది. నడిచింది 387 నిమిషాలు, అంటే 86 శాతం. ఆ 387 నిమిషాల్లో 23,220 పౌచ్‌లు రావాలి, 20,898 వచ్చాయి. ఇది 90 శాతం. వాటిలో మంచివి 20,480, అంటే 98 శాతం. మూడింటినీ గుణిస్తే దాదాపు 76 శాతం.

ఇందులో ఎక్కువమంది చూసేది 63 నిమిషాల ఆగుడును. అది రిజిస్టర్‌లో ఉంటుంది, అందరికీ తెలుసు. మధ్యలో ఉన్న 90 శాతం వెనక ఏముందో మాత్రం ఎవరూ రాయరు. పది సెకన్లు ఆగి, ఆపరేటర్ చేత్తో ఫిల్మ్ సర్ది మళ్లీ నడిపిన సందర్భాలు అక్కడ దాక్కుంటాయి. సీల్‌లో సరుకు ఇరుక్కుంటోందని భయపడి యంత్రాన్ని 60కి బదులు 54 మీద నడిపిన గంటలూ అక్కడే ఉంటాయి. కృత్రిమ మేధ బాగా పనికొచ్చే చోటు తరచూ ఇదే.

కాబట్టి రెండు మూడు వారాలపాటు ఆగిన ప్రతిసారీ కారణంతో సహా నమోదయ్యేలా చూడండి. దీనికి ప్యాక్ఎంఎల్ అనే ప్రామాణిక స్థితుల పట్టిక చాలా ఉపయోగపడుతుంది. యంత్రం తన లోపలి కారణంతో ఆగితే ‘హెల్డ్’ అని, బయటి కారణంతో, అంటే పైనుంచి సరుకు రాకో కింద కన్వేయర్ నిండిపోయో ఆగితే ‘సస్పెండెడ్’ అని అది వేరుచేస్తుంది. ఈ ఒక్క విభజన వల్లే ఎన్నో వాదనలు తీరిపోతాయి. పౌచ్ యంత్రం మాటిమాటికీ ఆగుతోందని తిట్టుకుంటున్న చోట అసలు జబ్బు కింద ఉన్న కార్టన్ యంత్రంలో బయటపడవచ్చు.

మూడు వారాల చివర పట్టికలో పైన ఉన్న నష్టాల్లోంచి ఒకటి ఎంచుకోండి. మన ఉదాహరణలో అది ‘అడ్డ సీల్‌లో సరుకు ఇరుక్కుని లీకవుతున్న పౌచ్‌లు’ అనుకుందాం.

రెండో మెట్టు: మేధ అవసరమా అని నిక్కచ్చిగా అడగండి

కృత్రిమ మేధ పేరుతో అమ్ముడవుతున్న వాటిలో కొన్నింటికి ఒక సెన్సర్, ఒక పరిమితి అంకె సరిపోతాయి. ఫిల్మ్ మీది గుర్తును ఫొటోసెల్ చదివి పౌచ్ పొడవు సరిచేయడానికి మోడల్ అక్కర్లేదు. నిండిన పౌచ్‌లను తూచే చెక్‌వేయర్ చూపే సగటు బరువు క్రమంగా పెరుగుతుంటే ఫిల్లర్‌ను కొద్దిగా తగ్గించడం మామూలు ఫీడ్‌బ్యాక్ నియంత్రణ. పలు చిన్న తూకపు బుట్టలు (హాపర్లు) ఉన్న మల్టీహెడ్ వేయర్‌నే చూడండి. 14 హాపర్లలోంచి 4 ఎంచుకోవడానికి 1,001 మార్గాలున్నాయి. వాటిలో లక్ష్య బరువుకు దగ్గరగా ఉన్నదాన్ని యంత్రం ప్రతి విడతలోనూ వెతుకుతుంది. అది చాలా తెలివైన లెక్క, దశాబ్దాలుగా నడుస్తోంది, ఏ శిక్షణా లేకుండానే.

నియమాన్ని మాటల్లో రాయగలిగితే దాన్ని నేరుగా పీఎల్‌సీలోనే, అంటే యంత్రాన్ని నడిపే నియంత్రణ కంప్యూటర్‌లోనే రాయండి. తప్పుకు వంద రూపాలుండి, ‘చూస్తే తెలుస్తుంది గానీ చెప్పలేను’ అని అనుభవజ్ఞుడైన ఆపరేటర్ అన్న చోటే మోడల్‌కు పని ఉంటుంది. ముడత పడిన సీల్, వంకరగా కూర్చున్న లేబుల్, సగం మాసిన తేదీ ముద్ర, సీల్‌లో చిక్కుకున్న రకరకాల తునకలు ఈ కోవలోకి వస్తాయి.

మూడో మెట్టు: ముందు యంత్రాన్ని బాగుచేయండి

ఇది చెప్పడానికి చిన్నది, చేయడానికి మాత్రం ఓపిక కావాలి. సీలింగ్ బార్ల మీది టెఫ్లాన్ గుడ్డ అరిగిపోయి, బార్లు సమాంతరంగా లేక, థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) వదులుగా ఉన్న యంత్రం నుంచి డేటా సేకరిస్తే మోడల్ ఆ జబ్బునే ఆరోగ్యమని నేర్చుకుంటుంది. కార్బన్ పేపర్ ముద్రతో బార్ల ఒత్తిడి అంతటా సమానంగా పడుతోందా చూడండి. ఉష్ణోగ్రతను బయటి ప్రోబ్‌తో సరిపోల్చండి.

తర్వాత సీల్ పట్టును ఉష్ణోగ్రత 5 డిగ్రీల చొప్పున పెంచుతూ పరీక్షించండి. ఏఎస్‌టీఎం ఎఫ్88 పద్ధతిలో లాగి చూసే పరీక్ష దీనికి ప్రామాణికం. తక్కువ వేడిలో సీల్ సరిగా అతకదు. కొంత మేర పట్టు నిలకడగా ఉంటుంది. ఆపైన ఫిల్మ్ కాలి బలహీనపడుతుంది. మీ ఫిల్మ్‌కు ఆ నిలకడైన భాగం ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీ దాకా ఉందో మీకు తెలిసి ఉండాలి. మెట్టు 9లో ఇదే మీకు కంచె అవుతుంది.

నాలుగో మెట్టు: యంత్రం లోపలి సంకేతాలను బయటికి తీయండి

కొత్త సెన్సర్లు కొనే ముందు ఉన్నవాటిని చూడండి. మోటారును నడిపే సర్వో డ్రైవ్‌కు తన మోటారు టార్క్ (తిప్పే బలం) ఎంతో, ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ తేడా ఎంతో ఎప్పుడూ తెలుసు. హీటర్ కంట్రోలర్‌కు ఎంత శాతం కరెంటు ఇస్తోందో తెలుసు. ఇవి అదనపు ఖర్చు లేకుండా దొరికే సెన్సర్లు. ఓపీసీ యూఏ, ఎంక్యూటీటీ అనే డేటా పంపే పద్ధతుల్లో ఏదో ఒకదాని ద్వారా వీటిని బయటి కంప్యూటర్‌కు పంపవచ్చు.

అయితే ఇక్కడ చాలా ప్రాజెక్టులు జారిపడే గుంట ఒకటుంది. నిమిషానికి 60 అంటే ఒక్కో చక్రం, అంటే ఒక పౌచ్ తయారయ్యే పూర్తి విడత, 1,000 మిల్లీసెకన్లు. అందులో బార్లు నిజంగా ఒత్తి ఉండేది 250 మిల్లీసెకన్లు అనుకోండి. టార్క్‌ను సెకనుకోసారి చదివి డేటాబేస్‌లో పోస్తే ప్రతి చక్రంలోనూ ఎక్కడో ఒక యాదృచ్ఛిక బిందువు పడుతుంది. ఏడాది డేటా ఉన్నా అందులో ఏమీ ఉండదు. సంకేతాన్ని 2 నుంచి 5 మిల్లీసెకన్లకోసారి పీఎల్‌సీలోనే పట్టి, చక్రం పూర్తయ్యాక మొత్తాన్ని ఒక్క మూటగా పంపాలి.

ఇంకో మెరుగైన పద్ధతి ఉంది. సమయానికి బదులు యంత్రపు మాస్టర్ కోణాన్ని ఆధారం చేసుకోండి. ప్రతి చక్రాన్నీ 0 నుంచి 360 డిగ్రీలుగా చూసి, ఒక్కో డిగ్రీ దగ్గర టార్క్ విలువ రాసుకోండి. అప్పుడు వేగం 50 ఉన్నా 60 ఉన్నా బార్లు తాకే ఘట్టం దాదాపు ఒకే కోణం దగ్గర పడుతుంది. నిన్నటి చక్రం మీద ఇవాళ్టి చక్రాన్ని పరిచి పోల్చవచ్చు. గట్టి తునక సీల్‌లో ఇరుక్కుంటే బార్లు పూర్తిగా మూసుకోకముందే టార్క్ లేస్తుంది. ఆ రేఖను తెరమీద చూస్తే ఏ మోడలూ లేకుండానే కంటికి కనిపిస్తుంది. వేగం మారితే టార్క్ పరిమాణం కూడా కొంత మారుతుంది కనుక వేగాన్నీ పక్కనే నమోదు చేయండి.

హీటర్ సంగతీ ఇలాంటిదే. ఉష్ణోగ్రత 150 డిగ్రీలే చూపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ అదే వేగంలో, అదే ఫిల్మ్‌తో కంట్రోలర్ ఇచ్చే కరెంటు 35 శాతం నుంచి 50 శాతానికి ఎగబాకితే, బార్‌లోని హీటర్లలో ఒకటి చచ్చిపోయి మిగతావి దాని బరువు మోస్తున్నాయని అనుమానించాలి. థర్మోకపుల్‌కు దూరంగా ఉన్న కొసలో సీల్ చల్లబడి ఉంటుంది. ఈ ఒక్క సంకేతాన్ని గమనించే అలవాటు చేసుకున్నా చాలా ప్రయోజనం.

ప్రతి రికార్డుతో పాటు ఏ ఉత్పత్తి, ఏ ఫిల్మ్ రోల్, ఏ షిఫ్టు, ఏ వేగం అన్నవి తప్పక చేర్చండి. అన్ని యంత్రాల గడియారాలూ ఒకే సమయం చూపాలి. కెమెరా గడియారం పీఎల్‌సీ కంటే రెండు సెకన్లు వెనకబడితే ఏ బొమ్మ ఏ పౌచ్‌దో ఇక ఎవరూ చెప్పలేరు.

ఐదో మెట్టు: కంటికి కనిపించేలా చేయండి

సున్నితమైన మోడల్ కంటే సరైన వెలుతురు మేలు. ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తప్పు ఏ వెలుగులో, ఏ కిరణంలో కనిపిస్తుంది? పారదర్శక ఫిల్మ్ అయితే వెనక నుంచి వెలుగు వేస్తే సీల్‌లోని తునక నల్లగా తేలుతుంది. మెరిసే లామినేట్ మీద నేరుగా దీపం వేస్తే తళుకు తప్ప ఏమీ కనపడదు, గుమ్మటంలాంటి డోమ్ లైటు కావాలి. ముడతలకు పక్కనుంచి నేలబారుగా పడే వెలుగు మంచిది. అచ్చుపడిన అల్యూమినియం ఫిల్మ్ లోపల చిక్కుకున్న పొడి మామూలు కెమెరాకు ఏ వెలుగులోనూ కనపడదు. అక్కడ సీల్ పడిన వెంటనే ఉష్ణ కెమెరాతో చూడాలి. ఇరుక్కున్న పదార్థం వేడి ప్రసరణను మార్చేస్తుంది కనుక సీల్ పట్టీలో ఆ చోటు వేరుగా తెలుస్తుంది. ఈ ఎంపికలో పొరపాటు జరిగితే తర్వాత ఏ మోడలూ దాన్ని పూడ్చలేదు.

కెమెరా లెక్క సులువు. చూడాల్సిన వెడల్పు 200 మిల్లీమీటర్లు, పట్టుకోవాల్సిన తునక 0.5 మిల్లీమీటర్లు అనుకోండి. తునక మీద కనీసం 3 పిక్సెళ్లు పడాలంటే 1,200 పిక్సెళ్లు కావాలి. అది కనిష్ఠం. నేనైతే 1,600కు తక్కువ తీసుకోను.

ఇక కదలిక. కన్వేయర్ సెకనుకు 500 మిల్లీమీటర్లు కదులుతుంటే, 1 మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌లో (కెమెరా వెలుగు పట్టే సమయంలో) పౌచ్ 0.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. మీరు వెతుకుతున్న తునక అంత మసక అన్నమాట. ఎక్స్‌పోజర్‌ను 0.2 మిల్లీసెకన్లకు దించితే మసక 0.1 మిల్లీమీటర్‌కు తగ్గి ఒక పిక్సెల్‌లోపే ఉంటుంది. కానీ అంత తక్కువ సమయంలో సరిపడా వెలుగు రావాలంటే ప్రకాశవంతమైన స్ట్రోబ్ (క్షణకాలం మెరిసే) దీపం కావాలి. సెన్సర్ మొత్తం ఒకేసారి బొమ్మ తీసే గ్లోబల్ షట్టర్ కెమెరానే ఎంచుకోండి. వరసవరసగా తీసే రోలింగ్ షట్టర్ కదిలే పౌచ్‌ను వంకరగా చూపిస్తుంది.

కెమెరా చుట్టూ తొడుగు కట్టండి. పక్క కిటికీలోంచి సాయంత్రం ఎండ పడి తప్పుడు రిజెక్టులు పెరగడం ఈ రంగంలో అందరికీ తెలిసిన తలనొప్పి. కెమెరా, దీపం, లెన్స్ ఫోకస్ స్థానాలు కొలిచి రాసి పెట్టుకోండి. శుభ్రం చేసేటప్పుడు ఎవరి చేయో తగిలి కదిలితే తిరిగి అదే చోట పెట్టగలగాలి.

ఆరో మెట్టు: నమూనాలు సేకరించి పేర్లు పెట్టండి

చెడ్డ పౌచ్‌లు తక్కువే ఉంటాయి, ఉండాలి కూడా. అందుకే రెండు దారులున్నాయి. ఒకటి, మంచివి మాత్రమే చూపించి ‘దీనికి భిన్నంగా ఉన్నదాన్ని పట్టుకో’ అనే అసాధారణత గుర్తింపు పద్ధతి. కొన్ని వందల మంచి బొమ్మలతో మొదలుపెట్టవచ్చు, ఎన్నడూ చూడని తప్పునూ పట్టుకోగలదు. కానీ ఫిల్మ్ మీద అచ్చు కొద్దిగా జరిగినా కేకలు వేస్తుంది. రెండోది, తప్పుల రకాలకు పేర్లు పెట్టి నేర్పించే వర్గీకరణ. ఇది స్థిరంగా ఉంటుంది, అయితే ఒక్కో రకానికీ తగినన్ని ఉదాహరణలు కావాలి. మొదటిదానితో ప్రారంభించి, అది పట్టిన వాటికి పేర్లు పెడుతూ రెండోదానికి మారడం నాకు నచ్చిన మార్గం.

పేర్లు పెట్టే ముందు హద్దు నమూనాల పలక తయారు చేయండి. నాణ్యత విభాగం, ఉత్పత్తి విభాగం, ఇద్దరు అనుభవజ్ఞులైన ఆపరేటర్లు కలిసి కూర్చుని ‘ఇంతవరకు మంచిది, ఇక్కడి నుంచి చెడ్డది’ అని అసలు పౌచ్‌లనే అంటించి సంతకం పెట్టాలి. తర్వాత ఇద్దరు మనుషులకు అవే 200 బొమ్మలు విడివిడిగా ఇచ్చి చూడండి. వారిలో వారికే 30 బొమ్మల మీద అభిప్రాయం కలవకపోతే మోడల్‌కు నేర్పడానికి ఇంకా ఏమీ సిద్ధంగా లేదు. అనుమానం ఉన్న పౌచ్‌లను నీటిలో ముంచి శూన్యం పెట్టే బుడగల పరీక్షతో తేల్చండి. ఏఎస్‌టీఎం డీ3078 ఆ పద్ధతిని వివరిస్తుంది. కంటి అంచనా కంటే బుడగ నమ్మదగిన సాక్ష్యం.

డేటాను శిక్షణకూ పరీక్షకూ పంచేటప్పుడు కలగాపులగంగా పంచకండి. ఒకే రోల్‌లోని పక్కపక్క పౌచ్‌లు కవలల్లా ఉంటాయి. ఒకటి శిక్షణలోకి, ఇంకొకటి పరీక్షలోకి వెళితే మోడల్ కంఠస్థం చేసిన పాఠాన్నే అప్పజెబుతుంది, మార్కులు మాత్రం గొప్పగా వస్తాయి. మొదటి మూడు వారాల రోల్స్ శిక్షణకు, ఆ తర్వాతి వారం రోల్స్ పరీక్షకు ఉంచండి. అమ్మకందారు 99 శాతం కచ్చితత్వం అని చెప్పినప్పుడు మొదట అడగాల్సింది ఈ పంపకం ఎలా చేశారనే.

ఏడో మెట్టు: తప్పుడు రిజెక్టుల లెక్క వేయండి

ఈ పని బతకడమో ఆగిపోవడమో తేలేది ఇక్కడే. అందుకే దీని మీద తీరిగ్గా కూర్చోండి.

షిఫ్టుకు 20,000 పౌచ్‌లు, వాటిలో 0.5 శాతం, అంటే 100 నిజంగా చెడ్డవి అనుకుందాం. మోడల్ 97 శాతం చెడ్డవాటిని పట్టుకుంటుంది, మంచివాటిలో 1 శాతాన్ని పొరపాటుగా చెడ్డవంటుంది. వినడానికి చక్కగానే ఉంది. లెక్క చూడండి. చెడ్డవాటిలో 97 దొరికాయి, 3 తప్పించుకున్నాయి. మిగిలిన 19,900 మంచివాటిలో 199 రిజెక్టు బుట్టలో పడ్డాయి. బుట్టలోని 296లో నిజంగా చెడ్డవి మూడో వంతే. ఆపరేటర్ బుట్టలోంచి మూడు తీసి చూస్తే రెండు నిక్షేపంగా ఉంటాయి. రెండో రోజుకల్లా అతను యంత్రాన్ని నమ్మడం మానేస్తాడు, నాలుగో రోజుకల్లా ఎవరో దాన్ని ఆపేస్తారు. అందులో ఆపరేటర్ తప్పేమీ లేదు.

అదే తప్పుడు రిజెక్టులు 0.1 శాతానికి తగ్గితే బుట్టలో 20 మంచివి, 97 చెడ్డవి ఉంటాయి. అప్పుడు బుట్ట నిండుతుంటే ఆపరేటర్ పరుగెత్తుకెళ్లి కారణం వెతుకుతాడు. కచ్చితత్వం అనే ఒక్క అంకెతో ఈ తేడా తెలియదు. ఒప్పందంలో రెండు అంకెలు విడిగా రాయించండి: ఎన్ని చెడ్డవి తప్పించుకోవచ్చు, ఎన్ని మంచివి పోవచ్చు. రెండింటి ఖరీదూ ఒకటి కాదు. తినే వస్తువో మందో అయితే తప్పించుకున్న ఒక్క పౌచ్ ముందు పోయిన వంద మంచి పౌచ్‌లు లెక్కలోకి రావు. కార్టన్ మీద చిన్న గీత విషయంలో లెక్క తిరగబడుతుంది.

నిరూపణకు ఎన్ని చెడ్డ నమూనాలు కావాలన్నదానికి గణాంక శాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. ఒక్కటీ తప్పించుకోకుండా వరుసగా 300 చెడ్డ పౌచ్‌లు పట్టుబడితే, తప్పించుకునే రేటు 1 శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 3ని నమూనాల సంఖ్యతో భాగించడమే. 30 పౌచ్‌లతో ప్రదర్శన చూపించి అన్నీ పట్టుకుందంటే 10 శాతం దాకా తప్పించుకునే అవకాశం ఇంకా మిగిలే ఉంది.

ఎనిమిదో మెట్టు: లైన్ మీదికి నెమ్మదిగా దించండి

మొదట నీడలా నడపండి. మోడల్ ప్రతి పౌచ్ మీదా తీర్పు చెబుతుంది, కానీ రిజెక్టు చేయదు. దాని తీర్పుల్నీ నాణ్యత విభాగం తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కనీసం ప్రతి ఉత్పత్తి, ప్రతి షిఫ్టు, రెండు మూడు ఫిల్మ్ బ్యాచ్‌లు ఈ కాలంలోకి రావాలి.

తర్వాత పీఎల్‌సీతో కలపడం. పౌచ్ కెమెరా కిందకు వచ్చినప్పుడు ఒక సంఖ్య కేటాయించి, కన్వేయర్ కదలికను కొలిచే ఎన్‌కోడర్ పల్సులతో దాన్ని వెంబడించండి. కెమెరా నుంచి రిజెక్టు స్థానం 600 మిల్లీమీటర్లు, పల్సుకు 0.5 మిల్లీమీటర్లు అయితే 1,200 పల్సుల తర్వాత గాలి పిచికారీ తెరుచుకోవాలి. టైమర్ మీద ఆధారపడితే కన్వేయర్ ఒక్కసారి ఆగి కదిలిందంటే పక్క పౌచ్ ఎగిరిపోతుంది. ఇదే దూరం మీకున్న సమయాన్ని కూడా చెబుతుంది: సెకనుకు 500 మిల్లీమీటర్ల వేగంలో 1.2 సెకన్లు. బొమ్మ తీయడం, పంపడం, మోడల్ ఆలోచించడం అన్నీ ఆ లోపల ముగియాలి. అందుకే ఈ రకం పని యంత్రం పక్కనే ఉన్న కంప్యూటర్‌లో జరగాలి. ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి జవాబు కోసం ఎదురుచూడటం కుదరదు.

కెమెరా కంప్యూటర్ ఒక బిట్‌ను అరసెకనుకోసారి 0, 1 మధ్య మారుస్తూ ఉండాలి. రెండు సెకన్లపాటు అది మారకపోతే మేధ ఆగిపోయిందని పీఎల్‌సీ గుర్తించి లైన్‌ను ఆపాలి, లేదా వచ్చిన ప్రతి పౌచ్‌నూ రిజెక్టు చేయాలి. జవాబు రాకపోతే మంచిదని వదిలేసే అమరిక ఎప్పుడూ పెట్టకండి. రిజెక్టు బుట్ట మూతి దగ్గర ఒక సెన్సర్ పెట్టి, పంపిన ప్రతి పౌచ్ నిజంగా అందులో పడిందో లేదో కూడా చూడండి. ప్రతి షిఫ్టు మొదట్లో, తర్వాత నిర్ణీత వ్యవధుల్లో, గుర్తుపెట్టిన చెడ్డ పౌచ్‌లను లైన్‌లో వదిలి పట్టుకుంటుందో లేదో పరీక్షించండి.

భద్రత విషయంలో రాజీ వద్దు. అత్యవసర స్టాప్ బటన్, గార్డు తలుపు స్విచ్‌లు, లైట్ కర్టెన్లు (చేయి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే కాంతి తెరలు) యంత్ర భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 13849 ప్రకారం రూపొందించిన తమ సొంత భద్రతా వలయంలోనే ఉండాలి. మనం పెడుతున్న నాణ్యత మోడల్ ఆ వలయాన్ని తాకకూడదు. యంత్రాలు తయారుచేసి ఐరోపా సమాఖ్యకు పంపేవారు 2023/1230 యంత్రాల నియంత్రణను చదవాలి. అది 2027 జనవరి 20 నుంచి అమల్లోకి వస్తుంది. తనంతట తాను నేర్చుకుంటూ మారే భద్రతా భాగాలకు అందులో కఠినమైన తనిఖీ ఉంది.

తొమ్మిదో మెట్టు: సెట్టింగులు మార్చనివ్వడం

తప్పు పట్టడం నుంచి తప్పు రాకుండా చేయడానికి వెళ్లడం సహజమైన ఆశే. వేగం పెరిగితే బార్లు ఒత్తే సమయం తగ్గుతుంది, ఉష్ణోగ్రత కొంచెం పెరగాలి. ఇలాంటి సంబంధాలను డేటా నుంచి నేర్చుకున్న మోడల్ మంచి సూచనలు ఇవ్వగలదు. కానీ మొదట సూచనలే ఇవ్వాలి. తెరమీద ‘2 డిగ్రీలు పెంచితే మేలు’ అని కనిపిస్తుంది, ఆపరేటర్ ఒప్పుకుంటాడు లేదా కాదంటాడు, కాదన్నప్పుడు కారణం నొక్కుతాడు. ఆ కారణాలే మీకు దొరికే అత్యంత విలువైన డేటా. ‘రోల్ చివరికొచ్చింది’, ‘సరుకు ఇవాళ తడిగా ఉంది’ వంటివి ఏ సెన్సర్‌కూ తెలియవు.

కొన్ని నెలల తర్వాత, సూచనలు చాలావరకు ఒప్పుదలకు నోచుకుంటుంటే, మూడో మెట్టులో కనుక్కున్న నిలకడైన పరిధి లోపల మాత్రమే స్వయంగా మార్చనివ్వండి. పరిధిని పీఎల్‌సీలో బిగించండి, మోడల్ ఏం చెప్పినా దాన్ని దాటకూడదు. ఒకసారికి ఒక డిగ్రీ, వేడి కుదుటపడేదాకా మళ్లీ మార్పు లేదు. ఒక్క బటన్‌తో పాత సెట్టింగులకు తిరిగి రాగలగాలి.

యంత్రం మాన్యువళ్లను, పాత మరమ్మతు రికార్డులను చదివి ప్రశ్నలకు జవాబిచ్చే భాషా మోడళ్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్న మెకానిక్‌కు అవి నిజమైన తోడు. ప్రతి జవాబుకూ ఏ మాన్యువల్‌లో ఏ పేజీ అన్నది చూపేలా అమర్చండి, యంత్రంలోకి నేరుగా ఏదీ రాసే అధికారం ఇవ్వకండి. ఇంతకు మించి ఇక్కడ చెప్పాల్సిన పని లేదు.

పదో మెట్టు: నిలబెట్టుకోవడం

మోడల్ మారదు, చుట్టూ లోకం మారుతుంది. ఫిల్మ్ సరఫరాదారు మారతాడు, అచ్చు రంగు ఛాయ మారుతుంది, దీపం వయసు పెరిగి మసకబారుతుంది, లెన్స్ మీద సన్నని దుమ్ము పేరుకుంటుంది. అందుకే రోజూ మూడు రేఖలు గీయండి: బొమ్మల సగటు వెలుగు, ఒక్కో పౌచ్ ఎంత చెడ్డదో చెప్పడానికి మోడల్ ఇచ్చే మార్కుల సగటు, రిజెక్టు శాతం. రిజెక్టు శాతం పెరిగి వెలుగు తగ్గితే దీపాన్నో లెన్స్‌నో చూడండి. వెలుగు అలాగే ఉండి రోల్ మారిన నిమిషం నుంచే మార్కులు జరిగితే ఫిల్మ్‌ను చూడండి. రిజెక్టు శాతం హఠాత్తుగా సున్నాకు పడిపోయినా సంతోషించకండి, పరీక్ష పౌచ్ వదిలి చూడండి.

తిరిగి శిక్షణ ఇచ్చిన ప్రతిసారీ కొత్త మోడల్‌కు సంఖ్య ఇవ్వండి, ఏ బొమ్మలతో నేర్పారో దాచండి. పాత కఠినమైన నమూనాలన్నీ ఉన్న ఒక స్థిరమైన పరీక్ష సెట్ మీద అది గెలిచాకే లైన్ మీదికి పంపండి. కొత్త తప్పును నేర్పబోతే పాత తప్పును మరచిపోవడం ఈ మోడళ్లకు మామూలే. పాత మోడల్‌ను కొట్టేయకండి, వెనక్కి వెళ్లాల్సిన అవసరం ఏ అర్ధరాత్రో రావచ్చు.

చివరగా, దీనికి ఒక యజమాని ఉండాలి. బయటి సంస్థ ఇంజినీరు యంత్రం అమర్చి వెళ్లిపోతాడు, ఆ తర్వాత పని మొదలవుతుంది. లైన్ మీద పనిచేసే మెకానిక్‌లలోనూ ఆపరేటర్లలోనూ ఆసక్తి ఉన్న ఇద్దరికి బొమ్మలకు పేర్లు పెట్టడం, మార్కుల రేఖ చదవడం, మోడల్‌ను వెనక్కి మార్చడం నేర్పండి. దానికి వారి షిఫ్టులో సమయం కేటాయించండి, జీతంలో గుర్తింపు ఇవ్వండి. వారానికి ఒకసారి అరగంట, రిజెక్టు బుట్టలోని పౌచ్‌లను బల్ల మీద పరిచి, మోడల్ తీర్పుల పక్కన తమ తీర్పులు రాయడం వారి పని. ఒప్పందం రాసుకునేటప్పుడే బొమ్మలు, పేర్లు, శిక్షణ పొందిన మోడల్ ఎవరి సొత్తో స్పష్టంగా రాయించండి. మూడేళ్ల తర్వాత సరఫరాదారును మార్చుకోవాలనుకున్నప్పుడు మీ చేతిలో మిగిలేది ఆ బొమ్మల నిధి, దాన్ని చదవగలిగిన ఆ ఇద్దరూ.